విజయవాడలో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు జాగ్రత్త, ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

కోపంలో రాస్తున్నా, అటూ ఇటూగా ఉన్నా పూర్తిగా చదవండి. బుడమేరు వరదలో మునిగిన కారుని సింగిల్ ఓనర్, షోరూం కండిషన్ అని చెప్పి నాకు 5 లక్షల 60 వేలకి అమ్మారు. మునిగిందని మొన్న తెలిసింది, నిన్న వెళ్ళి అడిగితే జరిగింది ఇంకా దారుణం, అందుకే ఆగకుండా ఇవాళే రాస్తున్నా. డీలర్ పేరు ఇక్కడ పెట్టట్లేదు, కేసు వేస్తున్నాం కాబట్టి లాయరు గారు వద్దన్నారు. కానీ రోజూ వాట్సాప్ గ్రూపుల్లో కార్ల ఫొటోలు పెట్టే బ్యాచే, గుంటూరు తెనాలి మంగళగిరి వాళ్ళలో చాలామందికి అర్థమైపోతుంది.

నాకు కార్లు కొత్త కాదు. ఇది నాలుగోది. మొదటిది 2004లో కొన్న మారుతి 800, అదీ సెకండ్ హ్యాండే, తెనాలిలో ఒక లెక్చరర్ గారి దగ్గర కొన్నా. తాళాలు చేతికిచ్చే ముందు ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పి, "బాబూ, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కొంచెం గట్టిగా పడుద్ది, వానొస్తే నీ పక్క డోరు రబ్బరు దగ్గర నీళ్ళు కారతాయి, ఈ రెండూ చేయించుకో" అని చెప్పి, దాని కోసం నేనడక్కుండానే 2 వేలు తగ్గించారు. 796 సీసీ బండి, ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కడానికి ఆయాసపడేది, కానీ మా పెద్దమ్మాయిని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చింది అందులోనే. ఆయన చెప్పిన రెండు తప్ప మూడో రిపేరు రావడానికి చాలా కాలం పట్టింది. తర్వాత మా బావగారి శాంట్రో, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, నమ్మకంగా తిరిగింది అంతే. ఆ తర్వాత 2012లో కొత్త స్విఫ్ట్ డీజిల్, అప్పట్లో దానికి వెయిటింగ్ ఎంతుండేదో బుక్ చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తిరుపతి, శ్రీశైలం, అన్నవరం, ఎక్కడికంటే అక్కడికి దాంట్లోనే వెళ్ళాం. అది అమ్మేప్పుడు క్లచ్ చివరికొచ్చింది, టర్బో దగ్గర సన్నగా ఆయిల్ చెమ్మ ఉంది, రెండూ బానెట్ ఎత్తి చూపించి, సర్వీస్ బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఇచ్చి మరీ అమ్మా. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కారు వెళ్ళేటప్పుడు దాని మంచీ చెడూ చెప్పి పంపాలి, నేను చూసింది అదే, నేను చేసింది అదే.

ఇప్పుడు తిరుగుడంతా ఊళ్ళోనే కాబట్టి చిన్న పెట్రోల్ కారు చాలనుకున్నాం. 2021 మోడల్, ఏపీ 39 నంబరు, మీటర్లో 32 వేలు. కంపెనీ, మోడల్ రాయను, తప్పు కంపెనీది కాదు కాబట్టి. సీట్ కవర్లు కొత్తవి, మ్యాట్లు కొత్తవి, లోపలంతా పెర్ఫ్యూమ్ కొట్టి ఉంచారు. మా మెకానిక్‌ని తీసుకెళ్తే ఇంజను విని బాగుందన్నాడు, నిజంగానే బాగుంది, ఎందుకంటే దాన్ని మొత్తం విప్పి క్లీన్ చేసి ఎక్కించారు.

నేను డీలర్‌ని అడిగిన మొదటి ప్రశ్నే వరద గురించి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మీద పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఎలా మునిగాయో మనందరం చూశాం, సెల్లార్లలో కార్లు టాపు దాకా నీళ్ళలో ఉండిపోయాయి. ఆ కార్లన్నీ ఏమయ్యాయి అన్నది కొనేవాడు ఎవడైనా అడగాల్సిందే. నేను అడిగా. ఆఫీసు గోడ మీద కనకదుర్గమ్మ క్యాలెండర్ ఉంది, దానివైపు చెయ్యి పెట్టి "అమ్మవారి మీద ఒట్టు మాస్టారూ, వరదప్పుడు ఈ బండి హైదరాబాదులో ఉంది, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఆయన వాడాడు, నీళ్ళు తగిలితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. పాత ఇన్సూరెన్స్ పాలసీ చూపించమంటే కస్టమర్ దగ్గర పోయిందండి, కొత్తది నేనే కట్టించా అని చేతిలో పెట్టాడు. డబ్బు మొత్తం బ్యాంకులోంచి వేశాం, ఆర్‌సీ మా పేరు మీదకి మారింది.

ఇంటికొచ్చాక మొదట సెంట్రల్ లాకింగ్ తిక్క పట్టింది, రాత్రిళ్ళు దానంతట అదే టక్ టక్ మని కొట్టుకునేది. తర్వాత పొద్దున చూస్తే బ్యాటరీ డౌన్. తర్వాత ఎడమవైపు అద్దం దిగింది, మళ్ళీ ఎక్కలేదు. అప్పుడు మెకానిక్ ముందు సీటు విప్పి కార్పెట్ ఎత్తాడు. సీటు పట్టాలు, వాటి బోల్టులు ఎర్రగా తుప్పు. వైర్ల కనెక్టర్ ఒకటి ఊడదీస్తే లోపల పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. అతను ఏం మాట్లాడకుండా వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మనం మామూలుగా లాగేంత వరకు నల్లగా కొత్తదానిలా ఉంది, రోజూ చుట్టలో లోపలే ఉండిపోయే చివరి మూర దగ్గరికొచ్చేసరికి ఎర్రమట్టి రంగు, నీళ్ళు నిలిచిన గీత కూడా స్పష్టంగా కనిపిస్తోంది, వేలితో రుద్దితే పొడి రాలింది. బయటికి కనిపించేదంతా షాంపూ పెట్టి కడిగారు, కనిపించనిది అలాగే వదిలేశారు.

అక్కడి నుంచి తిన్నగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళా. నంబరు కొట్టగానే సిస్టంలో వచ్చింది. 2024 సెప్టెంబరులో టోయింగ్ మీద వచ్చింది, డ్యాష్‌బోర్డు దాకా నీళ్ళు, రిపేరు ఎస్టిమేట్ వేశారు, రిపేరు మాత్రం అక్కడ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో అడ్వైజర్ అబ్బాయే వివరంగా చెప్పాడు. రిపేరు ఖర్చు కారు ఐడీవీలో, అంటే పాలసీలో కారుకి కట్టిన విలువలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద డబ్బిచ్చేస్తుంది, మిగిలిన బండి సాల్వేజ్ కింద, అంటే చెడిపోయిన బండిగా ఉన్నదున్నట్టు, అమ్ముడవుతుంది. ఆ ఆర్‌సీ రద్దవకుండా ఉంటే చాలు, తక్కువకి కొన్నవాళ్ళు బయట గ్యారేజీలో కడిగి, ఆరబెట్టి, నడిచేట్టు చేసి ఇలా మనకి అంటగడతారు.

ఇంతవరకూ డబ్బు గొడవ. నన్ను నిద్రపోనివ్వంది ఇంకొకటి ఉంది. స్కానర్ పెడితే ఎయిర్‌బ్యాగ్ యూనిట్ అసలు పలకట్లేదు. అది గేర్ రాడ్ ముందు కన్సోల్ కింద, ఫ్లోరుకి ఆనుకుని ఉంటుంది, నీళ్ళొస్తే ముందు పోయేది అదే. మరి మీటర్లో ఎర్ర లైటు వెలగాలి కదా అంటే, వెలగకుండా మీటరు విప్పి ఆ లైటే తీసేశారు. బాగు చెయ్యడానికి డబ్బులవుతాయని చెడిపోయిన సంగతి తెలియకుండా చేశారు! ఆ కారు ముందు సీట్లో మా ఆవిడ కూర్చుంది, మా చిన్నది కూర్చుంది, హైవే మీద వందలో వెళ్ళాం. ఇది చేసినవాడికి తెలుసు, ఈ కారులో ఎవరో ఒకరి పిల్లలు కూర్చుంటారని. తెలిసే చేశాడు.

నిన్న నాన్నని తీసుకుని వెళ్ళా. గొడవకి కాదు, కారు తీసుకుని డబ్బు వెనక్కి ఇమ్మని. సర్వీస్ సెంటర్ వాళ్ళిచ్చిన ప్రింటు టేబుల్ మీద పెట్టా. దాన్ని కనీసం చేత్తో ముట్టుకోలేదు. అమ్మేప్పుడు మాస్టారూ, కూల్ డ్రింక్ తీసుకోండి మాస్టారూ అన్న మనిషి, ఫోన్లోంచి తలెత్తకుండా "అయితే ఏంటి ఇప్పుడు, మునిగింది, ఆరింది, తిరుగుతోంది కదా" అన్నాడు. ఎయిర్‌బ్యాగ్ లైటు ఎందుకు తీశారయ్యా అని అడిగితే "నువ్వు యాక్సిడెంట్ చేస్తానని ముందే ఫిక్స్ అయ్యావా" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. నాన్న లేచి, అమ్మవారి మీద ఒట్టేశావు కదా బాబూ అన్నారు, 76 ఏళ్ళ మనిషి, గొంతు కూడా పెంచలేదు. దానికి వాడు నా వైపు తిరిగి "ముసలాయన్ని తీసుకొచ్చి డ్రామాలు చెయ్యకు, అగ్రిమెంట్ చదువుకో" అని కాగితం విసిరాడు. అందులో సంతకాల కింద రబ్బరు స్టాంపు, వాహనం ఉన్నది ఉన్నట్టుగా తీసుకోబడినది, తదుపరి మాకు సంబంధం లేదు అని. నాన్న ఆ కాగితం కిందపడితే వంగి తీసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆయన మోకాళ్ళ నొప్పితో వంగలేరు, అయినా వంగారు, అక్కడ కూర్చున్న ఒక్కడూ కదల్లేదు. దారి పొడుగునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. 5 లక్షల 60 వేల కన్నా నాకు అది ఎక్కువ మండుతోంది.

ఆ స్టాంపుకి భయపడక్కర్లేదని లాయరు గారు చెప్పారు, దాచిపెట్టి అబద్ధం చెప్పి అమ్మినదాన్ని రబ్బరు స్టాంపు కాపాడదంట. ఇలాంటిదే జరిగినవాళ్ళుంటే వినండి, 2019 కన్స్యూమర్ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, విజయవాడ చుట్టూ తిరగాల్సిన పని లేదు, 50 లక్షల లోపు కొన్నవన్నీ జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే, నా మొత్తానికి ఫీజు 200 రూపాయలే, 5 లక్షల లోపైతే అదీ లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ కూడా నమోదు చేయించా. పోలీస్ కంప్లయింట్ రేపు ఇస్తాం.

కొనబోయేవాళ్ళకి తొందరగా చెప్తా. అన్ని సీట్ల బెల్టులూ పూర్తిగా లాగండి. డిక్కీలో స్టెప్నీ తీసి కింద గుంటలో మట్టి ఉందేమో చెయ్యి పెట్టి చూడండి. కీ ఆన్ చెయ్యగానే ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకసారి వెలిగి కాసేపటికి ఆరాలి, అసలు వెలగలేదంటే వెంటనే వెనక్కి వచ్చెయ్యండి. అడ్వాన్సు ఇవ్వకముందే కారుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెకప్ చేయిస్తానని అడగండి, డీలర్ ఒప్పుకోకపోతే మీకు జవాబు వచ్చినట్టే. పాత పాలసీ పేపర్ లేకుండా కొనొద్దు, సింగిల్ ఓనర్ అని చెప్పి అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా ఉంటే క్లెయిమ్ ఎందుకయిందో తేల్చమనండి. సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్‌కి రవాణా శాఖ ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలని 2023 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది, అది చూపించమనండి.

ఇవాళ పొద్దున కూడా వాళ్ళు గ్రూపులో ఒక తెల్ల సెడాన్ పెట్టారు. డాక్టర్ గారు వాడిన బండి, ఏపీ 39, 28 వేలు తిరిగింది, అర్జెంట్ సేల్ అట. నేను కింద మెసేజ్ పెడితే తీసేసి నన్ను గ్రూపులోంచి బయటికి పంపేశారు. ఆ సెడాన్ చూడ్డానికి వెళ్తున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ చెయ్యండి, సర్వీస్ సెంటర్‌కి నేనే వెంట వస్తా.