క్యాచర్‌ని చేతులారా పోగొట్టుకున్నా: ఒక బేస్‌బాల్ మేనేజర్ గేమ్ రివ్యూ

ముందే చెప్తాండా, గేమ్ పేరు రాయను, కింద దాన్ని కొంచెం తిట్టేది కూడా ఉండాది కాబట్టి మళ్ళీ ఎందుకొచ్చిన గోల. కంప్యూటర్లో ఇట్లాంటివి ఆడేవాళ్ళకి ఎట్లాగూ అర్థమైపోతాది. పోయిన సంవత్సరం వెర్షన్, సేల్‌లో పెట్టింటే ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ రేటుకి వచ్చింది. మూడు నెలలుగా రాత్రి అన్నం తిన్నాక రోజూ గంటన్నర దీంతోనే.

ఇందులో బ్యాట్ పట్టేది లేదు, బాల్ ఇసిరేది లేదు. మనం జనరల్ మేనేజర్. ఎవర్ని ఉంచాల, ఎవర్ని అమ్మాల, ఎవర్ని కిందికి పంపాల, అంతే పని. స్క్రీన్ మీద ఉండేదంతా పేర్లు, అంకెలు. మా ఇంట్లో ఆమె నాలుగు రోజులు చూసి "ఆఫీసులో చూసే ఎక్సెల్ చాల్లేదా, ఇంటికొచ్చి మళ్ళీ అదే చూస్తాండారు" అనింది, తప్పేం కాదు, దూరం నుంచి చూస్తే అట్లనే ఉంటాది.

అనంతపురంలో బేస్‌బాల్ ఏందని అడిగేవాళ్ళకి, మా దగ్గర స్కూళ్ళల్లో సాఫ్ట్‌బాల్ ఆడినోళ్ళు చానామంది ఉన్నారు. నేను ఎనిమిది నుంచి పది దాకా సాఫ్ట్‌బాల్‌కి క్యాచర్‌ని, అంటే బ్యాటర్ వెనకాల కూర్చుని బాల్ పట్టేవాణ్ణి, తర్వాత ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ క్రికెట్‌కి కీపర్‌ని. రెండుచోట్లా నన్ను అడిగి ఇచ్చింది లేదు, పొట్టిగా ఉన్నావు కదా నువ్వు కూర్చో అన్నారు, కూర్చున్నా. అందుకే గేమ్ ఇన్‌స్టాల్ కాగానే నేను వెతికింది బాల్ ఇసిరే పిచ్చర్లని, పెద్ద హిట్టర్లని కాదు, మేజర్ లీగ్ అనే పెద్ద లీగ్‌కి పిల్లోళ్ళు తయారయ్యే కింది మైనర్ లీగ్‌లో ఉండే క్యాచర్లని.

క్యాచర్లని చూపించే పద్ధతి మాత్రం సూపర్ అప్పా. ఆటగాళ్ళని చూసి అంచనా వేసే స్కౌట్లు ఇచ్చే మార్కులు 20 నుంచి 80 దాకా ఉంటాయి, 50 అంటే మేజర్ లీగ్ సగటు. మన పరీక్షల లెక్కలో చూడొద్దు, మొదటి వారం నేనట్లే చూసి 50 వచ్చినోళ్ళందర్నీ పక్కన పారేసినా. ఒక్కో క్యాచర్‌కి చెయ్యి ఎంత, బాల్ ఆపడం ఎంత, ఫ్రేమింగ్ ఎంత అని విడివిడిగా ఉంటాది. పాప్ టైమ్ అని ఒకటి ఉంటాది, పిచ్చర్ ఇసిరే సందులో రన్నర్ రెండో బేస్‌కి ఉరికితే (దీన్నే బేస్ దొంగతనం అంటారు) వాణ్ణి ఔట్ చేసేదానికి, బాల్ క్యాచర్ గ్లవ్‌లో పడినప్పటి నుంచి రెండో బేస్ దగ్గర ఫీల్డర్ గ్లవ్‌లోకి చేరేదాకా పట్టే టైమ్. రెండు సెకన్లయితే పర్వాలేదు, 1.9 అయితే అబ్బో అంటారు. దూరం 127 అడుగులు, అంటే దగ్గర దగ్గర రెండు క్రికెట్ పిచ్‌ల పొడవు, అదీ గొంతు కూర్చున్నోడు లేచి ఇసరాల. 2023లో బేస్‌ల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచినారు, పిచ్చర్ రన్నర్ వైపు తిరిగి ఇసిరేదానికి కూడా లిమిట్ పెట్టినారు, దాంతో బేస్ దొంగతనాలు బాగా పెరిగినాయి, క్యాచర్ చేతికి గిరాకీ వచ్చింది.

ఫ్రేమింగ్ అంటే ఇంకా మజా. స్ట్రైక్ జోన్ అంటే బ్యాటర్ ముందు బాల్ పడాల్సిన హద్దు, దాని అంచు మీద పడే బాల్‌ని గ్లవ్ ఊగకుండా మెత్తగా లోపలికి పట్టి అంపైర్‌తో స్ట్రైక్ అనిపించడం. కీపింగ్ చేసినోళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, బాల్ పట్టినాక చెయ్యి బయటికి పోయిందంటే అప్పీల్ సగం చచ్చిపోయినట్టే. కానీ కీపర్‌కీ క్యాచర్‌కీ ఒక పెద్ద తేడా ఉండాది. మనకి బౌలర్ ఏది వేస్తే అది పట్టుకోవడమే, అక్కడ ఏ బాల్ వేయాలో సైగ చేసేది ఎక్కువగా క్యాచరే. మ్యాచ్‌కి ఒక్కో పక్క 140, 150 బాల్స్ పడతాయి. అందుకే కుర్ర క్యాచర్లు లేటుగా పండుతారు, పొద్దస్తమానం పిచ్చర్ల మొహాలు చదవడంలోనే ఉంటే వాళ్ళ బ్యాటింగ్ చూసుకునేది ఎప్పుడు? మేజర్ లీగ్ క్యాచర్ కాల్ రాలీని చూడండి, 2018 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు కుర్రోళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) మూడో రౌండ్‌లో తీసుకున్నారు, 2025లో 60 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టినాడు, క్యాచర్లలో ఎవరూ అంతకుముందు అక్కడిదాకా పోలేదు. ఇంకో పేరున్న క్యాచర్ మైక్ పియాజా అయితే 1988లో 62వ రౌండ్, అదీ ఫస్ట్ బేస్ ఆడేటోణ్ణి తెచ్చి క్యాచర్‌ని చేసినారు. ఈ లేటుగా పండేదాన్ని గేమ్ బాగా పట్టుకుంది, క్యాచర్ల బ్యాటింగ్ మార్కులు నత్తనడక నడుస్తాయి, నడుస్తా నడుస్తా ఒక రోజు ఉన్నట్టుండి లేస్తాయి.

ఇంక నా కథ. డబుల్ ఏ అంటే మైనర్ లీగ్‌లో ఒక మెట్టు, అక్కడి నా టీమ్‌లో గేమ్ తయారుచేసిన క్యాచర్ ఒకడు, 21 ఏళ్ళు, నేను బుడ్డోడు అని పిలుచుకునేవాణ్ణి. చెయ్యి 65, ఫ్రేమింగ్ 60, బ్యాటింగ్ యావరేజ్ .212, అంటే పదిసార్లు పోతే రెండు హిట్లు, ఘోరం. 16 ఏళ్ళకే సంతకం పెట్టినాడు కాబట్టి ఆ నవంబర్‌కి వాడికి ఐదు సీజన్లు నిండినాయి.

ఐదు సీజన్ల గొడవేందంటే, ఐపీఎల్ రిటెన్షన్ లిస్ట్ లాంటిదే కానీ ఇంకా గజిబిజి. మెయిన్ టీమ్ 26 మంది, దాన్ని కలుపుకుని 40 మంది లిస్ట్. 18కో అంతకన్నా ముందో సంతకం పెట్టినోడికి ఐదు సీజన్లు, 19 వచ్చినాక పెట్టినోడికి నాలుగు, ఆ గడువు దాటినాక నవంబర్‌లో ఆ 40లో చోటు ఇయ్యకపోతే డిసెంబర్‌లో రూల్ ఫైవ్ డ్రాఫ్ట్‌లో ఏ క్లబ్బయినా లక్ష డాలర్లు కట్టి ఎత్తుకుపోవచ్చు. ఎత్తుకుపోయినోళ్ళు వాణ్ణి సీజనంతా 26 మందిలోనే ఉంచాల, లేదంటే సగం డబ్బుకి మనకే వాపసు ఇస్తామనాల. తర్వాత పెద్ద స్టార్ అయిన రాబెర్టో క్లెమెంటే అంతటోణ్ణి డాడ్జర్స్ క్లబ్ వాళ్ళు 1954లో ఈ డ్రాఫ్ట్‌లోనే పైరేట్స్‌కి పోగొట్టుకున్నారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ చేసినా, అదే బాధ.

నా దగ్గర ఒక్కటే చోటు మిగిలింది. ఒక పక్క బుడ్డోడు, ఇంకో పక్క 31 ఏళ్ళ రిలీఫ్ పిచ్చర్ (మ్యాచ్ మధ్యలో దిగేటోడు), పోయిన సీజన్ బాగా వేసినాడు, కానీ వాణ్ణి ఊరికే కిందికి పంపుకునే ఆప్షన్లు అయిపోయినాయి, అంటే కిందికి పంపాలంటే ముందు అందరి ముందూ వేలానికి పెట్టినట్టే. నేనేమనుకున్నా అంటే, బ్యాట్ రాని డబుల్ ఏ పిల్లోణ్ణి సీజనంతా పెద్ద టీమ్‌లో ఎవడు కూర్చోబెడతాడు, రెండో క్యాచర్ అయినా వారానికి ఒకటో రెండో మ్యాచ్‌లు ఆడాల కదా, ఎవడూ ముట్టడు అని. లెక్క కరెక్టే. కానీ అడుగున ఉండే టీమ్‌కి ఓడేదానికి భయమేముంటాది? మొదటి రౌండ్‌లోనే ఎత్తుకుపోయినారు.

మా అమ్మ విత్తనానికి చెనిక్కాయలు ఏరేటప్పుడు ఒక్కో కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది, బొటనవేలితో నొక్కేది, తాలుకాయ ఇటు, గట్టికాయ అటు. ఆ ఏడాది మార్కెట్‌లో రేటు బాగా ఉంటే మా నాయన చేటలోని విత్తనం కాయల వైపే చూసేవాడు, ఆమె చేట వెనక్కి జరుపుకునేది, నోరు తెరిచి ఒక్క మాట అనేది కాదు. డ్రాఫ్ట్ రిజల్ట్ స్క్రీన్ చూసినప్పుడు నాకు ఆ చేట గుర్తొచ్చింది. నేను మాత్రం మా నాయన లెక్క, రేటు చూసి గట్టికాయ ఇచ్చేసినా. ఆ పిచ్చర్ ఏప్రిల్‌లోనే మోచేతికి ఆపరేషన్ అని సీజన్ మొత్తానికి పోయినాడు, అది వేరే ఏడుపు.

తర్వాత ఆర్నెల్లు రోజూ ఆ టీమ్ పేజీ ఓపెన్ చేసి చూసినా, ఈరోజన్నా వాపసు ఇస్తారేమో అని. ఇయ్యలే. సీజన్ అయ్యేసరికి వాడి యావరేజ్ .190, కానీ వాళ్ళు ఉంచుకున్నారు, వాళ్ళకి తెలుసు.

సరే, తిట్టేవి. ఒకటి, కంప్యూటర్ టీములు చేసే ట్రేడ్లు ఒక్కోసారి పిచ్చి, ఒకడు మంచి క్యాచర్ ఇచ్చి బదులుగా నా దగ్గర ముగ్గురు క్యాచర్లని తీసుకుంటా అన్నాడు, ముగ్గుర్ని పెట్టుకుని ఏం చేస్తాడో. రెండు, నేను కొన్న పాత వెర్షన్లో బాల్ స్ట్రైక్ చాలెంజ్, అంటే బాల్ జోన్‌లో పడిందా లేదా అన్న అంపైర్ మాటని సవాలు చేసేది, లేదు. 2026 సీజన్ నుంచి మేజర్ లీగ్‌లో అది వచ్చింది, ఒక్కో టీమ్‌కి రెండు చాలెంజ్‌లు, అడిగే హక్కు బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ ముగ్గురికే, కెప్టెన్‌కో కోచ్‌కో లేదు, నెత్తి మీద తట్టుకుని అడుగుతారు, కరెక్ట్ అయితే చాలెంజ్ మిగుల్తాది. మన డీఆర్ఎస్‌లో కెప్టెన్ ఎవరి మొహం చూస్తాడు? కీపర్ మొహమే కదా. ఇప్పుడు క్యాచర్‌ని చూసేటప్పుడు ఫ్రేమింగ్ మార్కు ఒక్కటి చాలదు, ఎప్పుడు తట్టుకోవాలో తెలిసినోడా కాదా అనేది కూడా చూడాల, కొత్తది కొనేటోళ్ళు అది ఉందో లేదో చూసుకుని కొనండి.

మూడోది అసలు కోపం. ఒకసారి ఆఫ్‌సీజన్ మధ్యలో సేవ్ ఫైల్ పాడైపోయింది, సగం నవంబర్ పని గంగపాలు. కస్టమర్ సపోర్ట్‌కి మెయిల్ పెడితే, మీ సమస్య మాకు ముఖ్యం అని ఒక రెడీమేడ్ జవాబు, నాలుగు రోజులకి ఇంకో రెడీమేడ్ జవాబు, అందులో నేను ముందే చేసినానని రాసిన పనే మళ్ళీ చెయ్యమన్నారు. కరెంట్ పోవడం వల్లేమో అన్నారు, మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందప్పా.

అక్షరాలు చిన్నవి, అంతా ఇంగ్లీషే, నలభై దాటినోళ్ళు కళ్ళద్దాలు పక్కనే పెట్టుకోండి. మామూలు లాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు, కానీ మైనర్ లీగ్‌లన్నీ ఆన్ చేస్తే ఒక్కో రోజు ముందుకి జరగడానికి టైమ్ పడతాది, ఆ టైమ్‌లో నేను ఒక కాఫీ పెట్టుకుని వస్తాండా. సిక్సర్లు కొట్టాలనుకునేటోళ్ళు దీని జోలికి రావద్దు. స్కోర్‌కార్డ్ చదివి సంతోషపడే రకం అయితే సేల్ దాకా ఆగి తీసుకోండి, ఐదుకి మూడున్నర ఇస్తాండా. ఆటో సేవ్ ప్రతి వారానికి పెట్టి, ఫైల్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.