ఎనిమిది మందికి శనివారం డిన్నర్: మామూలు స్టేక్‌హౌస్ మేలా, బ్రెజిలియన్ స్టేక్‌హౌస్ మేలా?

డాలస్ చుట్టుపక్కల ఉండే మా మిత్రబృందంలో ఎవరి పుట్టినరోజు వచ్చినా వాట్సాప్‌లో ఇదే చర్చ. స్టేక్ (మందంగా కోసి కాల్చిన బీఫ్ ముక్క) లాంటివి మెనూ చూసి ఎవరికి కావలసింది వాళ్లు చెప్పుకునే మామూలు స్టేక్‌హౌస్‌కి వెళ్దామా, ఊచలకు గుచ్చి కాల్చిన మాంసాన్ని టేబుల్ దగ్గరికే తెచ్చి కోసిపెట్టే బ్రెజిలియన్ స్టేక్‌హౌస్‌కి వెళ్దామా? రెండు చోట్లా చాలాసార్లు తిన్నాను కాబట్టి నాకు తోచింది చెబుతాను.

ముందు మన గుంపు ఎలాంటిదో చూసుకోవాలి. మా ఎనిమిది మందిలో నలుగురు బీఫ్ తింటారు. ఇద్దరికి చికెన్, చేప, లాంబ్ వరకే. మా వదిన, ఇంకో స్నేహితురాలు గుడ్డు కూడా ముట్టరు. ఇక్కడి తెలుగు గుంపులు చాలావరకు ఇలాగే ఉంటాయి.

బ్రెజిలియన్ పద్ధతి మా ఊరికి కొత్త కాదు. 1979లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో మొదలైన ఫోగో డి షావ్ అనే రెస్టారెంట్ల సంస్థ, అమెరికాలో తన తొలి శాఖను 1997లో డాలస్‌ని ఆనుకుని ఉన్న ఆడిసన్‌లోనే తెరిచింది. అక్కడ మనిషికి ఇంతని ఒకటే రేటు. కూర్చోగానే లేచి వెళ్లి సలాడ్లు తెచ్చుకోవచ్చు, కాబట్టి ఆకలితో ఎదురుచూసే పని లేదు. మీ ముందున్న బిళ్లను పచ్చవైపు తిప్పితే మాంసం వస్తూనే ఉంటుంది, ఎర్రవైపు తిప్పితే ఆగుతుంది.

అక్కడ తప్పకుండా తినాల్సింది పికాన్యా. ఒకవైపు మందంగా కొవ్వు పొర ఉన్న బీఫ్ ముక్కను అర్ధచంద్రాకారంలో వంచి ఊచకు గుచ్చి, రాళ్లుప్పు పట్టించి కాలుస్తారు. ఊచను పళ్లెంలో నిలబెట్టి, పైనుంచి కిందికి పల్చగా కోస్తుంటే, జారే పొరను మనం చిన్న పటకారుతో పట్టుకోవాలి. అంచు కరకరలాడుతుంది, లోపల గులాబీ రంగు. బాగా కాలింది కావాలన్నవాళ్లకు పైపొర, మెత్తగా కావాలన్నవాళ్లకు దాని కింది పొర. ఒకే ఊచతో ఇద్దరి కోరికా తీరుతుంది. ఈ ఒక్క విషయంలో మామూలు స్టేక్‌హౌస్ దానికి సాటి రాదు.

ఎందుకంటే మామూలు చోట ఎనిమిది ప్లేట్లూ ఒకేసారి టేబుల్ మీదికి రావాలని చూస్తారు. మనలో ఒకరు మందపాటి ఫిలేని (ఎముక లేని మెత్తటి స్టేక్) వెల్ డన్, అంటే లోపలిదాకా పూర్తిగా కాల్చమని అడిగితే, ఆ ఒక్కదాని కోసం టేబులంతా ఆగాలి. "అమ్మో, రక్తం కారుతోంది" అని భయపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: అది రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ కలిసిన నీరు. తినడానికి సురక్షితమని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క, లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, తర్వాత 3 నిమిషాలు కదపకుండా ఉంచడం. మీడియం, అంటే మధ్యస్థంగా కాల్చడం, దాదాపు అంతే. అయినా మనసొప్పకపోతే పల్చటి ముక్క అడగండి, తొందరగా కాలుతుంది.

ఇక శాకాహారుల సంగతి. దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. బ్రెజిలియన్ చోట సలాడ్ బార్‌కి మాత్రమే తక్కువ రేటు ఉంటుంది, కూరగాయలూ చీజ్‌లూ బోలెడు. కానీ రెండు నిమిషాలకోసారి భుజం పక్కనుంచి ఒక మాంసపు ఊచ వెళ్తుంది. బీఫ్ తినని వాళ్లకు చికెన్ వచ్చేదీ అదే నిప్పుల మీది నుంచే. పైగా చెప్పుకునే కబురు ప్రతిసారీ మధ్యలో తెగిపోతుంది.

మామూలు చోటా జాగ్రత్త పడాల్సిందే. ఒకసారి మా వదిన ఉల్లిపాయల సూప్ సగం తాగాక, అది బీఫ్ ఎముకలు మరిగించిన నీళ్లతో చేసిందని తెలిసింది. చెంచా కింద పెట్టేసి, ఇంటికి వెళ్లేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మెనూ ముందే చదివి అడగనందుకు నాకు చాలా బాధేసింది. అప్పట్నుంచి అన్నీ అడుగుతాను. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేప ఉంటుంది, బీన్స్‌లోనూ బంగాళాదుంప మీదా బేకన్ ముక్కలు పడతాయి, కొన్నిచోట్ల ఫ్రైస్ బీఫ్ కొవ్వులో వేయిస్తారు. అడిగితే చాలావరకు అవి లేకుండా చేసిస్తారు.

నలుగురే అయి, అందరూ బీఫ్ తినేవాళ్లయితే పోర్టర్‌హౌస్ అనే ఎముకతో ఉన్న పెద్ద స్టేక్ ఒకటి చెప్పి పంచుకోవడం బాగుంటుంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1887 నుంచి ఉన్న పీటర్ లూగర్ స్టేక్‌హౌస్‌లో ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి అని లెక్కగా ఇస్తారు. ఎంత కాలాలో మాత్రం అందరూ ఒక మాట మీద ఉండాలి.

బిల్లు సంగతి కూడా. టెక్సాస్‌లో పన్ను చాలాచోట్ల 8.25 శాతం. ఆరుగురు, అంతకు పైబడితే కొన్నిచోట్ల 18 నుంచి 20 శాతం టిప్ బిల్లులోనే కలిపేస్తారు, చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చేస్తాం. అలాగని టిప్ ఎగ్గొట్టకూడదు. ఇక్కడ సర్వర్‌కి యజమాని గంటకు 2.13 డాలర్లే ఇచ్చినా టిప్పులతో కలిపి కనీస వేతనం అందితే చట్టం ఒప్పుకుంటుంది, వాళ్ల సంపాదనలో మిగతాది ఎక్కువగా మన టిప్పే. విడివిడి బిల్లులు కావాలంటే ఆర్డర్ ఇవ్వకముందే చెప్పాలి. తినని మాంసానికి శాకాహారి డబ్బు కట్టే పరిస్థితి రాకూడదు.

కాలేజీ తమ్ముళ్లు నలుగురైదుగురు, అందరూ మాంసప్రియులే అయితే కళ్లు మూసుకుని బ్రెజిలియన్‌కి వెళ్లండి. మాలాంటి కలగలుపు గుంపుకి మాత్రం మామూలు స్టేక్‌హౌసే మేలు, అదీ ఏడింటి రద్దీకి ముందే. ఈ నెలాఖరు శనివారం ఐదున్నరకి ఎనిమిది మందికి టేబుల్ బుక్ చేశాను. సూప్ దేనితో చేస్తారో కూడా ఫోన్‌లోనే అడిగాను. బీఫ్‌తోనే అన్నారు. పుట్టగొడుగుల వేపుడు, క్రీమ్ పాలకూర, బేకన్ లేని బంగాళాదుంప వదినకి సరిపోతాయని చెప్పి రాయించాను.