స్టాండింగ్ డెస్క్ కొనేముందు పూర్తిగా పైకి లేపి ఒకసారి ఊపి చూడండి

ముందే చెప్పేస్తున్నా, బరువు తగ్గుతామని స్టాండింగ్ డెస్క్ (నిలబడి పని చేసుకునేలా మోటార్‌తో పైకి లేచే టేబుల్) కొనేట్టయితే ఆ డబ్బులు దాచుకోండి. కూర్చున్నప్పటికీ నిలబడ్డప్పటికీ తేడా నిమిషానికి 0.15 క్యాలరీలే అని అమెరికాలోని మాయో క్లినిక్ ఆసుపత్రి వాళ్ళు 2018లో లెక్క తేల్చారు, అంటే 65 కిలోల మనిషి ఆరు గంటలు నిలబడితే 54 క్యాలరీలు, ఒక ఇడ్లీ అంతే.

నేను తీసుకున్నది నడుం కోసం. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి పట్టేసేది, ఇప్పుడు ఆ బాధ చాలావరకు తగ్గింది. నాది రెండు మోటార్ల డెస్క్, ముప్పై వేల దాకా అయింది, మా అమ్మయితే "నిలబడ్డానికి కూడా డబ్బులివ్వాలా" అని ఇప్పటికీ వచ్చినోళ్ళందరికీ చెప్తుంది.

అసలు చూసుకోవాల్సింది ఊగుడు. కింద ఉన్నప్పుడు ఏ డెస్కైనా రాయిలా ఉంటుంది, నిలబడే ఎత్తుకి లేపాకే తెలుస్తుంది దాని సంగతి, నాకు మోచేతులు టేబుల్‌కి సమానమైన ఎత్తులో ఉండాలంటే 108 సెంటీమీటర్లు కావాలి, ఆ ఎత్తులో షాపులో చూసిన సింగిల్ మోటార్ డెస్క్ మీద టైప్ చేస్తే మానిటర్ తలాడిస్తూనే ఉంది. నాది కూడా కొంచెం కదులుతుంది కానీ కంటికి ఇబ్బంది లేదు. మెమరీ బటన్ (ఒక్క నొక్కుతో మనం సేవ్ చేసుకున్న ఎత్తుకి వెళ్ళేది) లేనిది మాత్రం వద్దే వద్దు, ప్రతిసారీ బటన్ నొక్కి పట్టుకుని ఎత్తు సరిచూసుకోవాలంటే వారానికల్లా అది మామూలు టేబుల్ అయిపోతుంది.

కాళ్ళ కింద వేసుకునే మెత్తటి మ్యాట్ కూడా బడ్జెట్‌లో వేసుకోండి. వీడియోల్లో వాళ్ళు బూట్లేసుకుని నిలబడతారు, మనం ఇంట్లో ఉత్త కాళ్ళతో టైల్స్ మీద, అరగంటకే మడమలు లాగేస్తాయి.

రోజంతా నిలబడితే ఇంకా మంచిది అనుకునేవాళ్ళు ఏదైనా బట్టల షాపులో సేల్స్ వాళ్ళని అడగండి కాళ్ళ నొప్పుల గురించి. వాళ్ళకి కూర్చోడానికి సీటు ఇవ్వాల్సిందే అని తమిళనాడులో 2021లో చట్టమే చేశారు, మనమేమో డబ్బులిచ్చి కుర్చీ మానేస్తున్నాం 😀 నేనైతే కాల్స్ అన్నీ నిలబడి, బుర్ర పెట్టి చేసే కోడింగ్ కూర్చుని, అలా మార్చుకుంటూ ఉంటా, ఈ డెస్క్ ఉపయోగం అంతా ఆ మార్చుకోవడంలోనే ఉంది.

ఇంకోటి, ప్లగ్ ఇన్వర్టర్ లైన్‌లో ఉండేలా చూస్కోండి. లేపాక కరెంట్ పోతే అది అక్కడే ఆగిపోతుంది, వచ్చేదాకా నిలబడాల్సిందే. వైర్లు కూడా పైకి లేచినంత పొడవు ఉండాలి, లేదంటే డెస్క్ లేచేటప్పుడు ఛార్జర్ ఊడొస్తుంది. ఫిట్టింగ్‌కి మనిషిని పంపిస్తారో లేదో ఆర్డర్‌కి ముందే కనుక్కోండి, ఫ్రేమ్ ఒక్కరు తిప్పగలిగే బరువు కాదు.