కొత్త సెనేటర్: వెంటనే అధ్యక్ష బరిలోకా, కొన్నేళ్లు ఆగా?

అమెరికా సెనేట్‌కు కొత్తగా గెలిచిన నాయకుడు మొదటి పదవీకాలంలోనే అధ్యక్ష పదవికి పోటీ చేయాలా, ఆగాలా అన్న ప్రశ్నకు 2008లో గెలిచి అధ్యక్షుడైన బరాక్ ఒబామా, 2004లో ఓడిన జాన్ కెర్రీల దారులను పక్కపక్కన పెట్టి చూడాలి.

అనుభవం: ఒబామా 2005 జనవరిలో ప్రమాణం చేసి, 2007 ఫిబ్రవరిలోనే ఇల్లినాయ్ రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పోటీని ప్రకటించారు. కెర్రీ 2004లో అభ్యర్థి అయ్యేనాటికి సెనేట్‌లో సుమారు రెండు దశాబ్దాలు గడిపారు.

ఓటింగ్ చరిత్ర: అసలు తేడా ఇక్కడే ఉంది. ఇరాక్‌పై యుద్ధానికి అధ్యక్షుడికి అధికారమిచ్చే తీర్మానానికి 2002లో అనుకూలంగా ఓటేసిన కెర్రీ, మరుసటి ఏడు 8,700 కోట్ల డాలర్ల యుద్ధ నిధుల బిల్లును వ్యతిరేకించి, మాట మార్చే మనిషన్న ముద్రను ప్రచారం పొడవునా మోయవలసి వచ్చింది. అప్పటికి సెనేట్‌లోనే లేని ఒబామాకు ఆ భారం లేకపోగా, 2002లోనే ఆ యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించి ఉండటం ఎంతో కలిసివచ్చింది.

ఖర్చు: కెర్రీ ప్రైమరీల (పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే పోటీల) కోసం బోస్టన్ ఇంటిని తాకట్టు పెట్టారు. ఒబామాకు చిన్న విరాళాలు వెల్లువెత్తాయి.

నష్టభయం: ఓడినా ఇద్దరికీ సెనేట్ సీటు మిగులుతుంది, కెర్రీకి మిగిలింది కూడా.

అధ్యక్ష పీఠం ఖాళీ అవుతూ, జనం మార్పు కోరుతున్నప్పుడు కొత్త సెనేటర్ వెంటనే దిగడమే మేలని నా అభిప్రాయం. పదవిలో ఉన్న అధ్యక్షుడు మళ్లీ పోటీ చేస్తుంటే మాత్రం ఆగడమే మంచిది.