శుక్లమా, నీటికాసులా?

"వయసైపోయింది, చూపు తగ్గదా మరి" అంటూ మా అమ్మ రెండేళ్లు నెట్టుకొచ్చింది. బియ్యంలో రాళ్లు కనిపించేవి కావు. రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు కళ్లలోకి చిమ్మినట్టుండేది. అది శుక్లం, అంటే కంట్లోని లెన్స్ మసకబారడం. ఆపరేషన్‌కు 20 నిమిషాలు కూడా పట్టలేదు. మసక లెన్స్ తీసి కొత్తది పెట్టారు. మర్నాడు పట్టీ తీయగానే గోడమీది క్యాలెండర్‌లో తిథి చదివింది.

నాన్నకు వచ్చింది వేరు. పేపరు హాయిగా చదివేవారు. కానీ పక్కనున్న గ్లాసు చెయ్యి తగిలి పడిపోయేది, గుమ్మానికి భుజం కొట్టుకునేది. నీటికాసులట. ఇందులో దెబ్బతినేది కంటి నరం, ఎక్కువగా కంట్లో ఒత్తిడి పెరగడం వల్ల. చాలామందికి నొప్పే ఉండదు, చూపు అంచుల నుంచి మెల్లగా పోతుంది. శుక్లంతో తగ్గిన చూపు ఆపరేషన్‌తో తిరిగొస్తుంది, ఇందులో పోయింది రాదు. చుక్కల మందు మిగిలినదాన్ని కాపాడుతుందంతే. నాకు ఇదంటేనే భయం.

పైగా ఇంట్లో ఒకరికుంటే తోబుట్టువులకూ పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. 40 దాటాక కళ్లజోళ్ల షాపులో నంబరు చూపించుకుంటే సరిపోదు, కంటి డాక్టరు దగ్గర ఒత్తిడి, నరం రెండూ చూపించుకోండి. నేను మొన్ననే వెళ్లొచ్చాను.