ఒక్క రోజు రైళ్లు చూడటానికి ఏది మేలు: అరకు ఘాటా, గోదావరి వంతెనా, బెజవాడ జంక్షనా?

రైళ్ల మీద ఇష్టం ఉన్న మిత్రులు ఏడాది పొడుగునా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. రైల్లోనే వెళ్లి, రోజంతా రైళ్లే చూసి, మళ్లీ రైల్లోనే ఇల్లు చేరాలంటే కోస్తాలో ఎక్కడికి వెళ్లడం మేలు అని. అడిగేవారిలో చాలామందికి అరకు ముందే మనసులో ఖాయమై ఉంటుంది. నా చేత ఔననిపించుకోవాలని అడుగుతారు. నేను మూడు చోట్లకూ పలుమార్లు వెళ్లినవాణ్ణి. పోయిన శీతాకాలంలో ఒక్క రోజు సెలవు చిక్కినప్పుడు మాత్రం, మంచు పడే అరకును వదిలి బెజవాడ జంక్షనుకు వెళ్లాను. ఎందుకలా చేశానో చెప్పేముందు అరకుకు పోయే ఘాట్ (కొండ) మార్గానికి దక్కవలసిన గౌరవం దక్కాలి.

విశాఖ దగ్గరి కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల ఈ మార్గం ప్రయాణికుల కోసం పుట్టలేదు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి 1960ల్లో జపాను సహకారంతో వేశారు. మొత్తం మార్గంలో 58 సొరంగాలున్నాయి. బొడ్డవర దాటేదాకా మైదానంలో సాగిన బండి శివలింగపురం నుంచి కొండ నడుము పట్టుకుని, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస స్టేషన్ల మీదుగా 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడకు చేరుతుంది. కాశ్మీరు లోయకు రైలు రాకముందు బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరు పొందింది ఈ చిన్న స్టేషనే. ఏటవాలు వంపుల్లో కిటికీలోంచి తల తిప్పితే మన బండి ఇంజనే మనకు కనిపించడం మైదానపు ప్రయాణాల్లో అరుదుగా దక్కే భాగ్యం.

ఈ దారి మీద ఇంజన్ల చరిత్ర కూడా గొప్పదే. 1980ల చివర స్వీడన్ నుంచీ జపాను నుంచీ తెప్పించిన, సరుకు బండ్లను లాగే వాగ్-6 తరగతి విద్యుత్ ఇంజన్లు మూడు రకాలూ కలిపి 18 మాత్రమే ఉండేవి. అవన్నీ విశాఖ షెడ్డువే (షెడ్డంటే ఇంజన్లను ఉంచి బాగుచేసే చోటు), ఖనిజపు బండ్లను లాగినవే. ఇప్పుడు అవి లేవు. అయినా క్రాసింగ్ కోసం, అంటే ఎదురుబండికి దారి ఇవ్వడానికి, మన పాసింజరును పక్క పట్టాల (లూప్ లైను) మీద నిలిపినప్పుడు, పైనుంచి ఖనిజం నింపుకున్న బండి బ్రేకులు పట్టుకుని మెల్లగా దిగివచ్చే దృశ్యం చూడవలసినదే. వ్యాగన్లు ఒక్కొక్కటే దాటుతుంటే వేడెక్కిన బ్రేకు దిమ్మల వాసన కిటికీ దాకా వస్తుంది. వాగ్-9 ఇంజన్లయితే దిగేటప్పుడు పుట్టిన విద్యుత్తును తిరిగి పైతీగలోకే పంపుతాయి. పాత వాగ్-5లు దాన్ని నిరోధకాల్లో వేడిగా మార్చి గాలికి వదులుతాయి. ఒకే వాలు మీద రెండు తరాల ఇంజన్లు బరువును ఆపే తీరు ఇంత తేడాగా ఉండటం నాకు ఎంతో ఆసక్తి కలిగించే విషయం.

అరకు వెళ్లదలచినవారికి ఒక మాట. 2017లో వచ్చిన, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కొండలు చూడటానికి చక్కగా ఉంటుంది, కాని రైళ్లు చూడటానికి పనికిరాదు. మూసిన అద్దాల వెనక ఇంజను హోరు వినిపించదు, సొరంగంలోకి దూరినప్పుడు ముఖానికి తగిలే చల్లగాలి ఉండదు, పైన చెప్పిన వాసన అసలే రాదు. తెరిచిన కిటికీ ఉన్న మామూలు పెట్టెలో కూర్చోండి. విశాఖ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు సీటు చూసుకుంటే లోయ మీకు దక్కుతుంది.

ఇంత చెప్పాక కూడా, రైళ్లు చూడటమే పనిగా పెట్టుకున్న రోజుకు నేను అరకును రెండో స్థానంలోనే ఉంచుతాను. ఆ రోజు మొత్తం ఒకే పాసింజరుకు ముడిపడి ఉంటుంది. పొద్దున్నే విశాఖలో దాన్ని ఎక్కితే అరకు చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. అది అందకపోతే రోజంతా పోయినట్టే. పైగా మనం ఆ నాలుగు గంటలూ బండి లోపల ఉంటాం. లోపల ఉన్నవారికి వంపుల్లో తప్ప తమ బండి కనిపించదు. ఎదురుబండి కనిపించేది క్రాసింగ్ స్టేషన్లలోనే. నేను వెళ్లిన ఆఖరుసారి ఎక్కేటప్పుడు ఎదురైనవి నాలుగు బండ్లు. వాటిలో రెండు మేము కదులుతుండగానే దాటిపోయాయి, ఇంజను నంబరు చదవడానికి కూడా వ్యవధి లేకపోయింది. కొండల కోసం వెళ్తే అది లోటు కాదు. రైళ్ల కోసం వెళ్తే లోటే.

గోదావరి సంగతి వేరు. రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే నూరేళ్ల వంతెన కట్టడం ఒక్క చూపులో అర్థమవుతుంది. 1900లో తెరిచి 1997లో విశ్రాంతి ఇచ్చిన హేవ్‌లాక్ వంతెన స్తంభాలు, 1997 నుంచి వాడుకలో ఉన్న విల్లు ఆకారపు కాంక్రీటు వంతెన, దూరంగా 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, అన్నీ ఒకే నది మీద ఉన్నాయి. విల్లు వంతెనలో ఒక్కొక్క కమాను సుమారు 97 మీటర్లు, అటువంటివి 28. సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతుంటే ఆ కమానుల వెనకనుంచి పోయే బండి నల్లని గీతలాగా కనిపిస్తుంది. ఫొటో కోసమే వెళ్లేవారు ఇంకెక్కడా వెతుక్కోనక్కరలేదు. అయితే బండి వంతెన మీద ఉండేది రెండు మూడు నిమిషాలు, అదీ చాలా దూరాన. ఇంజను వాప్-7 (ప్రయాణికుల బండ్లను లాగే రకం) అని రంగును బట్టీ ఆకారాన్ని బట్టీ పోల్చుకోగలం, ఏ షెడ్డుదో తెలియదు. ఆ తరువాత బండి కోసం మళ్లీ ఎదురుచూడాలి. సాయంకాలానికి గోదావరి చాలు. పొద్దున్నుంచీ అక్కడ కూర్చోవడం కష్టం.

ఇక బెజవాడ. ఊరి పేరు విజయవాడగా స్థిరపడి ఎన్నో ఏళ్లయినా స్టేషను కోడు ఇప్పటికీ బెజవాడ నాటి బీజడ్ఏ యే. అక్కడి షెడ్డు ఇంజన్ల మీద కూడా అదే రాసి ఉంటుంది. పది ప్లాట్‌ఫాంల ఈ జంక్షనులో హౌరా–చెన్నై, ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గాలు కలుస్తాయి. ఉత్తరాన కాజీపేట లైను, ఏలూరు లైను, గుడివాడ లైను వేర్వేరుగా విడిపోతాయి. దక్షిణాన కృష్ణ దాటిన తరువాత కృష్ణా కెనాల్ దగ్గర గుంటూరు, తెనాలి దారులు చీలుతాయి. సికింద్రాబాదు దగ్గరి లాలాగూడ, చెన్నైలోని రాయపురం, హౌరా దగ్గరి సంత్రాగాచి షెడ్ల ఇంజన్లను ఒకే పూటలో చూడగల చోటు మన ప్రాంతంలో ఇంకొకటి నాకు తెలియదు. బండ్ల సంఖ్యలో, వైవిధ్యంలో బెజవాడకు పోటీ లేదని అందరూ ఒప్పుకుంటారు. కాని నా తీర్పుకు మూలం సంఖ్య కాదు.

రైలు మన కళ్లముందు ఎంతసేపు నిలిచి ఉంటుంది, నిలిచి ఉన్నంతసేపూ దాని మీద ఏ పని జరుగుతుంది అన్నదాన్నే నేను లెక్కలోకి తీసుకుంటాను. దాటిపోయే బండిలో వేగం చూస్తాం, ఆగిన బండిలో యంత్రాన్ని చూస్తాం. బెజవాడలో పెద్ద బండ్లన్నీ ఆగుతాయి, సిబ్బంది మారతారు, పెట్టెల్లోకి నీళ్లు పడతాయి. అన్నిటికీ మించి, విశాఖ వైపు నుంచి వచ్చి ఖమ్మం మీదుగా సికింద్రాబాదు పోయే బండ్లు ఇక్కడ దిశ మార్చుకోవాలి, ఎందుకంటే ఆ రెండు మార్గాలూ స్టేషనుకు ఉత్తరపు కొసనే చేరతాయి. అంటే ముందున్న ఇంజను ఊడాలి, వెనక వైపున ఇంజను తగలాలి. ఆ పని మొత్తం ప్లాట్‌ఫాం మీద నిలబడినవారికి నాలుగైదు అడుగుల దూరంలో జరుగుతుంది.

పోయినసారి నేను చూసిన రివర్సలునే (ఈ దిశ మార్పునే) చెబుతాను. బండి ఆగగానే పాయింట్స్‌మన్ (పెట్టెలు కలిపే, విడదీసే ఉద్యోగి) కిందికి దిగి ఇంజనుకూ మొదటి పెట్టెకూ మధ్యకు వెళ్లాడు. అక్కడ రెండు గాలిగొట్టాలు వేలాడుతుంటాయి. ఆకుపచ్చ రంగుది బ్రేకు పైపు, తెల్లది ఫీడు పైపు. ముందు వాటి కవాటాలు మూసి, తరువాత గొట్టాల ముడి విప్పాడు. లోపల మిగిలిన గాలి ఒక్కసారిగా బుస్సుమంటూ బయటికి వచ్చింది, పక్కనున్న చిన్నపిల్లవాడు ఉలిక్కిపడి తండ్రి కాళ్లకు చుట్టుకున్నాడు. ఆ తరువాత పెట్టెలకు కరెంటు అందించే లావాటి కేబుళ్లు, చివరికి ఇంజనును పెట్టెకు తగిలించే కప్లింగు. చేయి ఊపగానే ఇంజను కదిలింది. అప్పటిదాకా ఒక్కటిగా కనిపించిన బండికి ఎదుటి ముఖం లేకుండా పోయింది. రెండో కొసకు నేను నడిచి వెళ్లేసరికి కొత్త ఇంజను కాస్త దూరంలో ఆగి, మనిషి నడక వేగంతో ముందుకు వచ్చి తగిలింది. బ్రేకు పైపులో పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలకు, ఫీడు పైపులో 6 కిలోలకు చేరాలి. ఆ ఒత్తిడి చివరి పెట్టెదాకా అందిందని గార్డు తన గేజిలో చూసి ఖాయపరచుకున్నాకనే బండి కదులుతుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అర్థం కాని ఎయిర్ బ్రేకు అక్కడ ఇరవై నిమిషాల్లో అర్థమవుతుంది.

దీని పక్కనే పెట్టి చూడవలసింది 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాదు–విశాఖ వందేభారత్. అదీ ఇక్కడ దిశ మార్చుకునేదే, కాని రెండు కొసలా డ్రైవరు గది (క్యాబు) ఉండటం వల్ల ఊడదీయవలసింది ఏమీ ఉండదు. ముందరి తెల్లదీపం ఆరి ఎర్రదీపాలు వెలుగుతాయి, రెండో కొసన తెల్లదీపం వెలుగుతుంది, కొద్ది నిమిషాల్లో బండి వెళ్లిపోతుంది. ఒకే ఉదయం ఈ రెండూ చూసినవారికి, రైల్వేలు విడి ఇంజను లేని ఇలాంటి బండ్ల వైపు ఎందుకు మొగ్గుతున్నాయో ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు.

బెజవాడకు త్వరగా వెళ్లమని చెప్పడానికి ఇంకొక కారణం కూడా ఉంది. వాప్-4 అనే పాత తరం ప్రయాణికుల బండ్ల ఇంజన్ల తయారీ 2015లో ఆగిపోయింది. కొత్త తరహా ఎర్రటి ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు దీపాలూ ఏసీలూ నడపడానికి కావలసిన కరెంటును ఇంజనే సరఫరా చేసే పద్ధతి వచ్చాక, ఆ ఏర్పాటు ఉన్న వాప్-7లు వాటి చోటును ఆక్రమిస్తున్నాయి. ఆగి ఉన్న వాప్-4ను చల్లబరచే బ్లోయర్ల (ఫ్యాన్ల) మోతకూ, పాత వాప్-7 బయలుదేరేటప్పుడు మెట్లుమెట్లుగా స్వరం మార్చుకునే రొదకూ ఉన్న తేడాను ఒకే ప్లాట్‌ఫాం మీద వినగలిగే కాలం ఎంతో మిగిలి లేదు.

బెజవాడ లోట్లు కూడా చెప్పాలి. ఎండాకాలంలో ఆ వేడి భరించడం వృద్ధులకూ పిల్లలకూ కష్టం. పైకప్పుల నీడలూ, కరెంటు తీగలూ, జనమూ ఫొటోను పాడుచేస్తాయి. ప్లాట్‌ఫాం టికెట్టు రెండు గంటలే చెల్లుతుంది గనుక, రోజంతా ఉండేవారు గడువు తీరకముందే మరొకటి తీసుకోవాలి. మంచి కోణం కోసం పట్టాల మీదికి దిగడం మాత్రం ఎప్పుడూ చేయకండి. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు, అంతకంటె ముఖ్యంగా ఇటునుంచి వచ్చే బండి చప్పుడులో అటునుంచి వచ్చే బండి చప్పుడు కలిసిపోతుంది. అంచున గీసిన పసుపు గీత వెనక నిలబడినా పైన చెప్పినవన్నీ కనిపిస్తాయి.

మిగతా చోట్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. విశాఖ స్టేషనులో కూడా హౌరా వైపు బండ్లు దిశ మార్చుకుంటాయి గనుక, ఉత్తరాంధ్రవారికి అది దగ్గరి ప్రత్యామ్నాయం, కాని అక్కడ అన్ని దిక్కుల బండ్లు రావు. కాజీపేట మంచి జంక్షనే, తెలంగాణవారికి సరిపోతుంది. దిగువమెట్ట, చెలమ మీదుగా పోయే నల్లమల మార్గం అడవి కోసం వెళ్లదగినది, బండ్లు తక్కువ.

రోజును ఇలా పంచుకుంటే బాగుంటుంది. ఉదయం వందేభారత్ వచ్చే వేళకు బెజవాడ చేరి మధ్యాహ్నం దాకా ప్లాట్‌ఫాం కొసల్లో ఉండండి. ఎండ వాలాక బయటికి వచ్చి ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లండి. దిగువన కృష్ణ మీది రైలు వంతెనలు ఉంటాయి, పడమటి వెలుగు మీ వెనకనుంచి వాటి మీద పడుతుంది. గోదావరి దగ్గర బండి నల్లని నీడగా కనిపించే వేళలో ఇక్కడ దాని రంగులన్నీ తెలుస్తాయి. చీకటి పడ్డాక తిరిగి స్టేషనుకు రండి. మీ బండి రాత్రి పొద్దుపోయాక ఉన్నట్లయితే విశాఖ నుంచి వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఇంజను మార్చుకునేదాకా ఆగండి. ఆ వేళకు ప్లాట్‌ఫాం చివర జనం పలచబడతారు, గొట్టం విప్పినప్పుడు వచ్చే గాలి చప్పుడు పగటికంటె ఎంతో స్పష్టంగా వినిపిస్తుంది.