ఐదేళ్లు ఫిష్ షెల్ వాడినాక: పాత్ గోల ఎంత తగ్గింది, యాడ దెబ్బ తిన్నా

కావలిలో ఇంట్లోనే కూర్చోని పనిచేస్తా ఉండా. షెల్ అంటే టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లని నడిపే ప్రోగ్రాము, ఫిష్, బాష్, జెడ్‌షెల్, పవర్‌షెల్ అన్నీ అట్టాంటివే. నా లాప్‌టాప్‌లో లైనక్స్, సర్వర్లలో బాష్, తమ్ముడి మ్యాక్‌లో జెడ్‌షెల్, ఒక క్లయింటు దగ్గర పవర్‌షెల్, అన్నీ ముట్టుకోవాల్సిందే. ఫిష్ మాత్రం 2021లో 3.2 వెర్షన్ వచ్చినప్పట్నుంచి రోజూ వాడతా ఉండా.

పాత్ అంటే కమాండు కొడితే దాని ప్రోగ్రాముని ఏయే ఫోల్డర్లలో వెతకాలో షెల్‌కి చెప్పేది. బాష్‌లో అది కోలన్లతో అతికించిన ఒకే పొడుగు స్ట్రింగు. పాత్‌ని మార్చే ఎక్స్‌పోర్ట్ లైన్లో పాత పాత్‌ని కలపడం మర్చిపోయామా, ఆ టెర్మినల్‌లో ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కమాండు కూడా దొరకదు. ఫిష్‌లో అది లిస్టు, ఒక్కో ఫోల్డరు ఒక్కో ఐటమ్, కోలన్లు లెక్కపెట్టుకునే పనే లేదు. 3.2లో వచ్చిన ఫిష్ యాడ్ పాత్ కమాండయితే నాకు ప్రాణం, నిజంగా ఉండే ఫోల్డర్నే చేరుస్తాది, ముందే ఉంటే రెండోసారి చేర్చదు. పైథాన్‌పాత్ లాగా పేరు చివర పాత్ అని ఉండే వేరియబుల్స్ కూడా లిస్టులే, బయటి ప్రోగ్రాముకి ఇచ్చేటప్పుడు మళ్లీ కోలన్లతో కలిపి తనే ఇస్తాది.

దెబ్బ తిన్నది యూనివర్సల్ వేరియబుల్స్ దగ్గర, అంటే అన్ని టెర్మినళ్లకీ కలిపి ఫిష్ గుర్తుపెట్టుకునే విలువలు. అవి డిస్క్ మీద నిలబడిపోతాయి, టెర్మినల్ మూసినా పోవు. ఆ సంగతి సరిగ్గా చదవకుండా పాత్‌లో మన ఫోల్డర్లు చేర్చే యూజర్ పాత్స్ అనే యూనివర్సల్ వేరియబుల్‌కి అపెండ్ చేసే లైను కాన్ఫిగ్ ఫైల్లో రాసేశా, టెర్మినల్ తెరిచినప్పుడల్లా ఒకటి చేరి చేరి నెల తర్వాత చూస్తే లిస్టు చాంతాడంత అయింది! తర్వాత కొత్త లాప్‌టాప్‌కి కాన్ఫిగ్ ఫైలు ఒక్కటే కాపీ చేసుకుంటే, చేత్తో కొట్టిన పాత్‌లు ఒక్కటీ రాలా, ఎందుకంటే యూనివర్సల్‌వి వేరే ఫైల్లో ఉంటాయి. ఇప్పుడు ఫిష్ యాడ్ పాత్‌కి గ్లోబల్ ఆప్షన్ (డిస్క్ మీద దాచకుండా ఆ టెర్మినల్ వరకే ఉంచేది) పెట్టి కాన్ఫిగ్‌లోనే రాస్తా, ఎట్టా కాపీ చేసినా వస్తాయి.

జెడ్‌షెల్‌ని తక్కువ చేయను, దాంట్లోనూ చిన్నక్షరాల పాత్ అనే అర్రే, అంటే లిస్టు, ఉంది, టైప్‌సెట్ అనే కమాండుకి పెద్ద యూ ఆప్షన్ పెడితే డూప్లికేట్లు పోతాయి. పవర్‌షెల్‌లో మాత్రం పాత్‌లో ఫోల్డర్లని విడదీసే గుర్తు (సెపరేటర్) విండోస్ మీద సెమీకోలన్, లైనక్స్ మీద కోలన్, రెండింట్లో నడవాల్సిన స్క్రిప్టులో ఆ సెపరేటర్ని పవర్‌షెల్ కింద ఉండే డాట్‌నెట్ నుంచే తీసుకోండి.

ఫిష్ వాడేవాళ్లు పైథాన్ వెన్వ్‌కి (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ ఏర్పాటు) మామూలు యాక్టివేట్ ఫైలు సోర్స్ కమాండుతో నడిపితే ఎర్రరే వస్తాది, పక్కనే ఫిష్ కోసం వేరే ఫైలుంటాది, అది వాడాల. సర్వర్లో లాగిన్ షెల్ మార్చను, అక్కడ బాషే. చెప్పిన టైముకి పనులు తనే నడిపే క్రాన్ అయితే మీ కాన్ఫిగ్ ఏదీ చదవదు, దాంట్లో ప్రోగ్రాముకి పూర్తి పాత్ రాసేయండి.